సౌమ్య ఆడాలంటే కోల్‌కతాకే వెళ్లాలా?

సంపాదకులకు,

నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి గుగులోత్ సౌమ్య గురించి మన పత్రికలు ఇంకా చాలా రాయాలి. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లి ఆడిన వింగర్ (మైదానం అంచుల నుంచి దాడి చేసే క్రీడాకారిణి) ఆమె. 2024-25లో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్ దేశంలోని అగ్రశ్రేణి మహిళల ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. ఆ ఏడాది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డూ ఆమెదే. ఒక క్రికెటర్ ఇంత సాధిస్తే ఊరూరా ఫ్లెక్సీలు వెలిసేవి!

నన్ను బాధపెట్టే విషయం మరొకటుంది. ఆ లీగ్‌లో ఆడిన 8 జట్లలో తెలుగు రాష్ట్రాల జట్టు ఒక్కటీ లేదు. అంటే ఇక్కడి అమ్మాయి ఫుట్‌బాల్‌ను వృత్తిగా తీసుకోవాలంటే కేరళకో, బెంగాల్‌కో వెళ్లాల్సిందే. పదహారేళ్ల పిల్లను అంత దూరం పంపాలంటే ఏ తల్లిదండ్రులకైనా టెన్షనే. లీగ్ కొన్ని నెలల్లో అయిపోతుంది, మిగతా ఏడాదంతా జీతం ఎవరిస్తారు? మోకాలికి దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరు భరిస్తారు? వాళ్లు అడిగే ఈ ప్రశ్నలు న్యాయమైనవే.

రెండు ప్రభుత్వాలూ జిల్లా స్థాయిలో బాలికల లీగ్ ఏటా నడపాలి. ఒక్క మహిళా క్లబ్‌కైనా స్పాన్సర్‌ను వెతికిపెట్టాలి. క్రీడాకారిణులకు ఉద్యోగ భద్రత కావాలి. మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం చేస్తూనే ఫుట్‌బాల్ క్రీడాకారిణి బాలాదేవి 2020లో స్కాట్లాండ్‌లోని రేంజర్స్ క్లబ్ దాకా వెళ్లగలిగింది. మన పోలీసు, విద్యుత్ శాఖలు కూడా ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిలకు అలాంటి ఉద్యోగాలు ఇవ్వాలి.

— ఒక పాఠకురాలు, కామారెడ్డి