తొందర పెళ్లి సీరియళ్లలో చట్టానికీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పరిచయమైన నెలలోపే పెళ్లి, కొత్త కాపురం, ఆపైన ఒక్కొక్కటిగా బయటపడే భర్త అసలు రూపం. ఆదివారం అనుబంధాల్లో ఇలాంటి సస్పెన్స్ సీరియళ్లను పాఠకులు వదలకుండా చదువుతారు. వాటిని వేయొద్దని మేం అనడం లేదు. భయం ఇంట్లోకి ఎలా అడుగుపెడుతుందో మంచి రచయితలు బాగా పట్టుకుంటారు. అమ్మ ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టమంటాడు. జీతం పడే ఏటీఎం కార్డు ‘నా దగ్గరుంటే భద్రం’ అని తీసుకుంటాడు. చెయ్యెత్తడం ఆ తర్వాతెప్పుడో. మా అభ్యంతరమల్లా కథానాయిక బయటపడే ఘట్టం గురించే. బీరువా తాళం పగలగొట్టడం, మొదటి భార్య ఫొటో దొరకడం, ఆఖరి పేజీలో ఇన్‌స్పెక్టర్ జీపు దిగడం... ఆ దారిని నమ్ముకుంటే నిజమైన ఆడపిల్లకు ప్రమాదం.

అసలు మన ఇళ్లలో తొందరే వేరు. తొలిచూపు ప్రేమ కంటే ముహూర్తాలే ఎక్కువ తరుముతాయి. మూఢం వస్తోందనో, ఆషాఢం దాటితే అబ్బాయి సెలవు అయిపోతుందనో, నాయనమ్మ కళ్లతో చూడాలనో పదిహేను రోజుల్లో తాంబూలాలు, పెళ్లి జరిగిపోతాయి. విచారించే వ్యవధి ఉండదు. రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాంలే అంటారు. 2002 నాటి చట్టం ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెళ్లి నమోదు తప్పనిసరి. పెళ్లే జరగలేదని రేపు అతను అడ్డం తిరిగితే ఆ సర్టిఫికెట్టే ముందు అక్కరకొస్తుంది. అది లేనివాళ్లు శుభలేఖ, తాళి కట్టే ఫొటో, పురోహితుడి సాక్ష్యం వెతుక్కోవాలి.

రచయితలు వదిలేస్తున్న అసలు ఉత్కంఠ గడువుల్లో ఉంది. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ చూడండి. ముఖ్యమైన విషయం దాచి, మోసంతో ఒప్పించి చేసుకున్న పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. అయితే మోసం బయటపడిన రోజు నుంచి ఏడాదిలోపే అడగాలి. తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ అవకాశం పోతుంది. అదే చట్టం 14వ సెక్షన్ ప్రకారం, అసాధారణ కష్టం ఉందని కోర్టు అనుమతిస్తే తప్ప, పెళ్లయిన ఏడాదిలోపు విడాకుల పిటిషన్ వేయడానికి వీల్లేదు. ‘ఏడాది ఓపిక పట్టమ్మా, అంతా సర్దుకుంటుంది’ అని మేనత్త చెబుతుంది. ఆ ఏడాదిలో ఒక తలుపు తెరుచుకునేసరికి రెండోది మూసుకుపోతుంది. నవలకు ఇంతకంటే బిగువైన ముడి ఏం కావాలి?

అతని మొదటి పెళ్లి ఇంకా రద్దు కాకపోతే సంగతి వేరు. ఈ పెళ్లి మొదటినుంచీ చెల్లదు. మొదటి పెళ్లిని దాచి రెండోది చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు.

2005 నాటి గృహ హింస చట్టంలో ఇలా ఏడాది ఆగాలన్న గొడవ లేదు. నిన్న పెళ్లయినా ఈరోజు వెళ్లవచ్చు, ఏ మతమైనా ఒకటే. పుట్టింట్లోనో స్నేహితురాలి గదిలోనో తలదాచుకుంటుంటే అక్కడి కోర్టులోనే వేసుకోవచ్చు. ముందు ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారి డీఐఆర్ (గృహ హింస ఘటన నివేదిక) అనే ఫారం నింపుతారు. దాన్ని చూసిన వాళ్లెవరూ ‘దెబ్బలు కనిపిస్తేనే కేసు’ అనరు. ఇల్లు దాటనివ్వకపోవడం, ఫలానావాళ్లను కలవనివ్వకపోవడం, ఉద్యోగానికి పోనివ్వకపోవడం, జీతం లాక్కోవడం, స్త్రీధనం తాకట్టు పెట్టడం, చచ్చిపోతానని బెదిరించడం... ఒక్కోదానికీ అందులో విడిగా గడి ఉంది. సీరియల్లో మూడో వారం నుంచి ఆమె పడుతున్నవన్నీ ఆ గడుల్లోనే ఉంటాయి. మామూలుగా మూడు రోజుల్లోపే కేసు మొదటి విచారణకు రావాలి. అవసరమైతే అతను రాకముందే మేజిస్ట్రేటు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. రక్షణ ఉత్తర్వును అతను మీరితే ఏడాది దాకా జైలు, లేదా ఇరవై వేల వరకు జరిమానా, లేదా రెండూ.

సాక్ష్యాల దగ్గర పొరపాట్లు ఎక్కువ. వాట్సాప్ బెదిరింపులను స్క్రీన్‌షాట్ తీసి అసలు సందేశాన్ని చెరిపేస్తారు. అలా చేయొద్దు, ఆ ఫోను కూడా మార్చొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం అడిగినప్పుడు అసలుదే అక్కరకొస్తుంది. రహస్యంగా రికార్డు చేసిన భార్యాభర్తల సంభాషణను వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. దెబ్బ తగిలి ఆస్పత్రికెళ్తే, భర్త పక్కనున్నాడని ‘బాత్‌రూంలో జారిపడ్డాను’ అనేస్తారు. ఓపీ చీటీ మీద ఆ ఒక్క ముక్క పడితే రేపు అతని లాయరు చేతికి అదే ఆయుధం. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని నర్సును అడగాలి.

ఇల్లు వదిలే రోజున కావలసినవి ఆధార్, పాస్‌పోర్టు, టెన్త్ మెమో, బ్యాంకు పాస్‌బుక్, పెళ్లిలో ఇచ్చిన వస్తువుల జాబితా. ఆ జాబితా ఇరువైపులా సంతకాలతో రాసుకోవాలని 1985 నుంచే నిబంధన ఉంది, పాటించేవాళ్లే తక్కువ. పాస్‌వర్డులను ఆమె ఇల్లు దాటి వచ్చాకే మార్చుకోవాలి. ఖాతా అతని ఫోనుకు ముడిపడి ఉంటే, ముందే మార్చినప్పుడు అక్కడికి సందేశం వెళ్లి అతను అప్రమత్తమవుతాడు. హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రాల్లో ఐదు రోజుల దాకా తాత్కాలిక వసతి దొరుకుతుంది. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది.

అందుకే సంపాదకులకు మా విన్నపం. ఇలాంటి సీరియల్ వేసేటప్పుడు ప్రతి వారం చివర మూడు నంబర్లు ముద్రించండి. మహిళా హెల్ప్‌లైన్ 181, ప్రాణాపాయమైతే 112, న్యాయ సహాయానికి 15100. ఫోను తనిఖీ చేసే భర్త, ఆమె గూగుల్లో ఏం వెతికిందో కూడా చూస్తాడు. టీపాయ్ మీద ఆదివారం పుస్తకంలో సీరియల్ చదువుతుంటే మాత్రం అనుమానించడు. ‘సశేషం’ కింద రెండు వరుసల చోటు చాలు.

ఇట్లు,
గృహ హింస కేసుల్లో పనిచేసే న్యాయవాదులు, కౌన్సెలర్లు,
విజయవాడ