పెద్ద అంకె ఉన్న బోల్టే మంచి బోల్టా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత స్పోర్ట్స్ కార్లు కొని ఇంజిన్లు మళ్లీ కట్టించుకుంటున్న మా భీమవరం, పాలకొల్లు కుర్రాళ్ల గురించి జిల్లా పేజీలో మీరు వేసిన కథనం చదివాను. బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. అయితే అందులో ఒక అబ్బాయి "లోపలన్నీ 12.9 బోల్టులే వేయించాం, ఇక టెన్షన్ లేదు" అన్నాడు. ఆ ముక్క చదివి నాలాంటి వాళ్లు ఊరుకోలేరు. నాది భీమవరంలో ఇంజిన్ రీబోరింగ్ షాపు. వచ్చే పనిలో ఎక్కువ భాగం రొయ్యల చెరువుల మీద నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పే జనరేటర్లు, కొన్ని పడవ ఇంజిన్లు. ఈమధ్య స్పోర్ట్స్ కార్లు కూడా వస్తున్నాయి. వచ్చిన ప్రతివాడూ ముందు అడిగేది ఒకటే: "అన్నిటికన్నా గట్టి బోల్టు ఏదండీ?"

బోల్టు తల మీద 8.8, 10.9, 12.9 అని ఉంటుంది. చుక్కకు ముందున్న అంకెను వందతో గుణిస్తే, చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల లాగుడుకు తెగుతుందో సుమారుగా తెలుస్తుంది. చుక్క తర్వాతది ఆ బలంలో ఎన్నో వంతు దగ్గర బోల్టు సాగిపోయి ఇక వెనక్కి రాదో చెబుతుంది. 8.8 అయితే 800కు తెగుతుంది, 640 దగ్గరే సాగడం మొదలెడుతుంది. 12.9 అయితే 1,200, 1,080. అమెరికాలో రేసు ఇంజిన్లకు బోల్టులు చేసే ఏఆర్‌పీ లాంటివాళ్లు పీఎస్ఐలో, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెబుతారు. వాళ్ల మామూలు 8740 క్రోమోలీ స్టీలు బోల్టు 1,80,000 పీఎస్ఐ పైన, అంటే మన 12.9 కన్నా ఒక పిసరు ఎక్కువే. ఏఆర్‌పీ 2000 అనేది 2,20,000. ఎల్19 అనేది 2,60,000. ఈ పట్టీ ఫోన్‌లో చూసిన కుర్రాడి వేలు నేరుగా ఎల్19 దగ్గర ఆగుతుంది.

ఆ ఎల్19 మన ప్రాంతానికి అస్సలు పనికిరాదు. తయారు చేసినవాళ్లే తేమ తగలనివ్వొద్దని చెబుతారు. స్టీలు ఎంత గట్టిపడితే హైడ్రోజన్‌కు అంత లొంగుతుంది. తుప్పు పట్టేటప్పుడు పుట్టే హైడ్రోజన్ లోపలికి దూరి స్టీలును పెళుసు చేస్తుంది. బోల్టు సాగకుండా, ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారి పటుక్కుమంటుంది. మనది ఉప్పుగాలి నేల. పేరుపాలెం బీచికి వెళ్లొచ్చిన కారు కింద చెయ్యిపెట్టి చూడండి. అక్కడిదాకా ఎందుకు, భీమవరం షాపులో ఫ్యాను కింద కూర్చున్నా చేతులు చెమటతో తడిసే ఉంటాయి, ఆ చెమటలో ఉండేదీ ఉప్పే. ఆ చేత్తో పట్టి బిగించిన ఎల్19 మీద నాకు నమ్మకం లేదు. రోడ్డు మీద తిరిగే కారుకు 8740 గానీ ఏఆర్‌పీ 2000 గానీ చాలు.

ఇది రేసు బోల్టుల గొడవే అనుకోవద్దు. పోర్షె 911లో 1970ల నాటి ఇంజిన్లకు డిలవార్ అనే ప్రత్యేక స్టీలు స్టడ్లు (రెండు కొసలా మరలుండే, తల లేని బోల్టులు) వేశారు. అల్యూమినియంతో పాటు సాగాలని మంచి ఉద్దేశంతోనే వేశారు. కింది వరసలో ఉన్నవి తేమకు తుప్పుపట్టి, ఆ గుంతల దగ్గర పగిలి విరిగేవి. ఆ కార్లు విప్పే మెకానిక్కులందరికీ తెలిసిన సంగతే ఇది.

మనవాళ్లకు మెరుపు పిచ్చి ఒకటి. తలలో ఆరు పలకల గుంత ఉండే 12.9 అలెన్ బోల్టులు నల్లగా ఉంటాయి, తుప్పు పడతాయని ప్లేటింగ్ వేయిస్తారు. ఒకాయన అలా తళతళలాడే బోల్టుల సెట్టు తెచ్చి ఇచ్చాడు. సాయంత్రం బిగించి వెళ్లాం. మర్నాడు షాపు తీసేసరికి ఒకదాని తల ఊడి ట్రేలో పడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. యాసిడ్‌లో కడిగి కరెంటు ప్లేటింగ్ వేసేటప్పుడు హైడ్రోజన్ లోపలికి దూరుతుంది. వేసిన వెంటనే 200 డిగ్రీల దరిదాపుల్లో గంటల తరబడి పొయ్యిలో ఉంచితే గానీ అది వదలదు. ఆ పొయ్యి లేని చోట 12.9కు ప్లేటింగ్ వేయించడం కన్నా నల్లబోల్టుకు నూనె రాసుకోవడం నయం. 8.8కు ఈ భయం లేదు.

స్టెయిన్‌లెస్ సంగతీ చెప్పాలి. ఏరియేటర్లకు వాడివాడి మా వాళ్లకు అదే దేవుడు. ఏ2-70 అని రాసి ఉండే స్టెయిన్‌లెస్ బోల్టు 700కు తెగుతుంది, 450 దగ్గరే సాగుతుంది. అంటే మామూలు 8.8కు కూడా తక్కువ. ఇంజిన్ పైమూత ట్యాపెట్ కవరుకు వేసుకోండి, పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్టుకు కలిపే కాన్‌రాడ్ దగ్గరికి మాత్రం తేకండి.

ఇంజిన్‌లో అన్నిటికన్నా ఎక్కువ కష్టం కాన్‌రాడ్ బోల్టులదే. పొగ బయటికి తోసే స్ట్రోకులో పిస్టన్ పైకొచ్చి ఆగి వెనక్కి తిరిగేటప్పుడు, ఎదురు తోయడానికి పైన గ్యాసు ఉండదు. ఆ లాగుడంతా ఈ బోల్టుల మీదే పడుతుంది. ఆర్‌పీఎం పెరిగితే లాగుడు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 6,000 తిరిగే ఇంజిన్‌ను 7,500కు తీస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందుకని ఇక్కడ మంచి బోల్టు వేయడం న్యాయమే. కానీ వేసినంతలో సరిపోదు. రేవులో పడవను వదులు తాడుతో కడితే అల వచ్చినప్పుడల్లా తాడు జర్కు తిన్నట్టు, బిగింపు చాలని బోల్టు ప్రతి తిప్పుకీ జర్కు తింటుంది. అలా తినీ తినీ అలసి తెగుతుంది. వదులుగా ఉన్న 12.9 కన్నా సరిగ్గా బిగించిన 10.9 ఎక్కువ కాలం బతుకుతుంది.

సరిగ్గా బిగించడమే అసలు పని. టార్క్ (తిప్పే బలం) ఎంతో చూపే రెంచి మీద పెట్టే బలంలో పదో వంతే బోల్టును సాగదీస్తుంది. మిగతాదంతా తల కింద, మరల మధ్య రాపిడికే పోతుంది. అంటే మరలకు రాసింది ఇంజిన్ ఆయిలా, మోలీ గ్రీజా అన్నదాన్ని బట్టి, అదే టార్క్‌కు బిగింపు ఎక్కడికక్కడ మారిపోతుంది. బోల్టుతో వచ్చిన కాగితంలో ఏది రాయమంటే అదే రాయాలి. కాన్‌రాడ్ బోల్టులకైతే నేను టార్క్‌ను నమ్మను. బిగించక ముందు పొడవు మైక్రోమీటరుతో కొలిచి రాసుకుంటాను, బిగించాక ఎంత సాగిందో చూస్తాను. ఎప్పుడైనా విప్పినప్పుడు అసలు పొడవు కన్నా ఒక్క థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, ఎక్కువ ఉన్నా అది చెత్తబుట్టకే. మాన్యువల్‌లో ఇంత టార్క్, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పాలి అని ఉండి, తిరిగి వాడొద్దని రాసిన హెడ్ బోల్టులదీ అదే దారి. విప్పితే కొత్తవే.

గట్టి బోల్టు వేసి ఎక్కువ బిగిస్తే కాన్‌రాడ్ పెద్ద కన్ను, అంటే క్రాంక్‌షాఫ్టును పట్టుకునే రంధ్రం, గుండ్రం తప్పుతుంది. బోల్టులు మార్చాక ఆ కన్ను కింది సగమైన క్యాపు బిగించి, రంధ్రం కొలిచే బోరు గేజితో చూసి, తేడా ఉంటే సైజు చేయించాలి. నా దగ్గరికి వచ్చే వేరే చోట కట్టిన ఇంజిన్లలో ఎక్కువగా వదిలేసిన పని ఇదే. ఇంగ్లండు కార్లవాళ్లకు ఇంకో మాట: వాటికి చాలావరకు అంగుళాల మరలు. 5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల మర) దొరకలేదని ఎం8 (మిల్లీమీటర్ల మర) తోసేస్తే కంటికి ఒకేలా ఉంటుంది, మర మాత్రం నలిగిపోతుంది.

ఇక కొనేచోట సంగతి. కిలో లెక్కన అమ్మే బోల్టుల్లో తల మీద 12.9 అని ఉండి, చేసినవాడి గుర్తు లేనివి కనబడుతున్నాయి. బోల్టులకు మన దేశంలో ఉన్న ఐఎస్ 1367 ప్రమాణం ప్రకారం ఇంజిన్‌లో వాడే సైజుల్లో రెండూ ఉండాలి. గుర్తు లేని బోల్టును నేను ఏ ధరకూ వేయను. కానీ గుర్తు కూడా దొంగదైతే? కాఠిన్యం కొలిస్తే చాలావరకు బయటపడుతుంది. రాక్‌వెల్ సి స్కేలు మీద 10.9 అయితే 32 నుంచి 39, 12.9 అయితే 39 నుంచి 44 మధ్య రావాలి. తక్కువ వస్తే మెత్తనిది, పైకి పోతే పెళుసుది.

అందుకే మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. మన చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు, పాలిటెక్నిక్‌లకు కొదవలేదు. మెకానికల్ బ్రాంచి ల్యాబుల్లో రాక్‌వెల్ యంత్రం ఉంటుంది, పిల్లలు ప్రాక్టికల్స్‌కు వాడి మూత కప్పేస్తారు. వారంలో ఒక పూట మా మెకానిక్కులకు తెరిచి, ఫీజు పెట్టి, సెట్టుకు ఒక బోల్టు చొప్పున కొలిచి కాగితం ఇస్తే చాలు. స్పోర్ట్స్ కార్లవాళ్లకే కాదు, జనరేటర్లవాళ్లకూ పడవలవాళ్లకూ పనికొస్తుంది. ఏ కాలేజీ ముందుకొచ్చినా బోల్టులు మేమే మోసుకొస్తాం, తల మీద ప్లేటింగ్ గీకి, నునుపు చేసి మరీ తెస్తాం.

ఇట్లు,
ఒక ఇంజిన్ మెకానిక్,
భీమవరం