మూడు కిలోల కోసం ఒక్క ఏడాది: కేంద్ర క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర క్రీడల శాఖ మంత్రి మన్‌సుఖ్ మాండవీయ గారికి,

నమస్కారం. నేను నిజామాబాద్‌లో ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పుతాను. రెండుసార్లు ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ పుట్టిన ఊరు కాబట్టి గ్లవ్స్ కోసం వచ్చే ప్రతి పిల్లా ముందు ఆమె పేరే చెబుతుంది. ఈ లేఖలో నిఖత్ గురించి రాస్తాను కానీ, అడిగేది ఒలింపిక్స్ ఆడాలంటే వెయిట్ కేటగిరీ (పోటీపడే బరువు విభాగం) మారక తప్పని మన బాక్సర్లందరి కోసం.

2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో హర్యానా అమ్మాయి మీనాక్షి హుడా 48 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఫైనల్లో ఆమె చేతిలో ఓడింది మామూలు బాక్సర్ కాదు, పారిస్‌లో ఒలింపిక్ పతకం గెలిచిన కజకిస్థాన్ క్రీడాకారిణి నాజిమ్ కిజైబే. ఆటో నడిపే తండ్రి కూతురు ఇంత సాధించిందని దేశమంతా మురిసిపోయింది. కానీ 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 48 కిలోల విభాగమే లేదు. మహిళల విభాగాలు 51తో మొదలవుతాయి. అంటే మీనాక్షి ఒలింపిక్స్ ఆడాలంటే మూడు కిలోలు పెరగాలి. పెరిగి దిగాల్సింది నిఖత్ ఉన్న బరిలోకే. ప్రపంచ ఛాంపియన్లు ఇద్దరు, ఆ విభాగంలో దేశానికి చోటు ఒక్కటి.

మూడు కిలోలేగా అనుకునేవాళ్లకు మేరీ కోమ్ చరిత్ర చూపిస్తాను. 2010 నాటికి ఆమె అయిదు ప్రపంచ స్వర్ణాలు గెలిచింది, అన్నీ 48 కిలోలు, అంతకన్నా తక్కువ విభాగాల్లోనే. 2012లో మహిళల బాక్సింగ్‌ను తొలిసారి ఒలింపిక్స్‌లో చేర్చినప్పుడు పెట్టింది మూడే విభాగాలు: 51, 60, 75. దాంతో మేరీ 51కి ఎక్కింది. లండన్‌లో మొదటి ప్రత్యర్థి పోలండ్‌కు చెందిన కరోలినా మిఖల్‌చుక్, ఒకప్పుడు 54 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్. ఒకరు కింది నుంచి పైకి వచ్చారు, ఇంకొకరు పై నుంచి కిందికి దిగారు. ఆ బౌట్ గెలిచి, తర్వాతదీ గెలిచి, సెమీస్‌లో నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడి మేరీ కాంస్యం తెచ్చింది. నా దృష్టిలో అది ఆమె స్వర్ణాలన్నిటికన్నా పెద్ద పతకం. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో అదే 51లో స్వర్ణం గెలిచింది, 2016లో రియోకు అర్హత దక్కలేదు. మళ్లీ 48కి దిగి 2018లో ఢిల్లీలో ఆరోసారి ప్రపంచ ఛాంపియన్ అయింది. అంతటి మేరీ కోమ్‌కు 51 కిలోల్లో ప్రపంచ టైటిల్ ఒక్కటీ లేదు. మూడు కిలోల బరువు అంత.

మా నిఖత్‌ది ఇంకో రకం ఇబ్బంది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయితే, పారిస్‌లో ఆ విభాగం లేకపోయింది. 50కి దిగాలి, లేదా 54కి ఎక్కాలి. ఆమె దిగింది. కామన్వెల్త్ స్వర్ణం, మరో ప్రపంచ టైటిల్ ఆ బరువులోనే వచ్చాయి. చివరికి పారిస్‌లో ఎదురైంది 52 కిలోల ప్రపంచ ఛాంపియన్‌గా ఉండి తనలాగే కిందికి దిగిన చైనా బాక్సర్ వు యు. బౌట్ ఓడాక నిఖత్ కన్నీళ్లతో చెప్పిన మాట గుర్తుంది కదా: బరువు కోసం రెండు రోజులు ఏమీ తినలేదని. అదే పారిస్‌లో 100 గ్రాముల బరువు ఎక్కువై రెజ్లర్ వినేశ్ ఫోగట్ ఫైనల్‌కు ముందు అనర్హురాలైన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నిఖత్ 51లో ఉంది. లివర్‌పూల్ క్వార్టర్స్‌లో తుర్కియే బాక్సర్ బుసే నాజ్ చాకిరోగ్లు చేతిలో ఓడింది. రెండు నెలలకే గ్రేటర్ నోయిడాలో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో స్వర్ణం గెలిచింది. కొత్త బరువులో శరీరం కుదురుకునే వరకూ ఫలితాలు ఇలాగే ఎగుడుదిగుడుగా ఉంటాయి.

పోటీల రోజు పొద్దున్నే కాటా దగ్గరికి ఒక్కసారి రండి సార్. కమ్మలు, జడ క్లిప్పులు తీసి అమ్మ చేతిలో పెట్టి కాటా ఎక్కే పిల్లలు కనిపిస్తారు. ఇంకా 300 గ్రాములు ఎక్కువున్న పిల్ల ప్లాస్టిక్ జాకెట్ మీద స్వెటర్ తొడుక్కుని మూలన స్కిప్పింగ్ చేస్తుంటుంది. ముందు రోజు రాత్రి నుంచి నోట్లో చుక్క నీళ్లు పోసుకోదు. తగ్గించడం ఎలాగో మన దగ్గర ప్రతి అఖాడాలో చెబుతారు. పెరగడం ఎలాగో చెప్పేవాళ్లే లేరు. అన్నం ఎక్కువ తింటే పెరిగేది పొట్ట. కాళ్లలో వేగం పోకుండా కండ పెరగాలంటే నెలల తరబడి వెయిట్ ట్రైనింగ్ కావాలి, ఎప్పుడు ఎంత తినాలో పక్కనుండి చూసే న్యూట్రిషనిస్ట్ కావాలి. పై బరువులో ప్రత్యర్థి చేయి పొడవు ఎక్కువ, ఆమె జాబ్ (ముందు చేత్తో వేసే సూటి దెబ్బ) ముందే వచ్చి తగులుతుంది. దానికి అలవాటు పడాలంటే రోజూ తనకన్నా పొడుగువాళ్లతో స్పారింగ్ (సాధన కోసం ఆడే బౌట్) చేయాలి. పెద్ద శిబిరాల్లో ఈ వసతులు ఉండొచ్చు, జిల్లాల్లో లేవు.

అందుకే అడుగుతున్నాను. ఒలింపిక్ విభాగం కోసం బరువు మారిన బాక్సర్‌కు మొదటి ఏడాదిలో ఓటములు వస్తే, వాటిని సాకుగా చూపి టాప్స్ (ఒలింపిక్ పతకం తేగలవాళ్లకు కేంద్రం సాయం చేసే పథకం) నుంచి తీసేయకండి. ఆ పథకంలో పై వరుస అయిన కోర్ జాబితాలోవాళ్లకు అందే నెలకు 50,000 రూపాయల భత్యం పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఆటో నడిపే ఇంట్లో దాని మీద చాలా ఖర్చులు ఆధారపడి ఉంటాయి. కొత్త బరువులో ఏడాదిపాటు జాతీయ శిబిరంలో చోటు ఉంటుందన్న భరోసా రాతపూర్వకంగా ఇవ్వండి. స్పారింగ్‌కు వచ్చే పొడుగు అమ్మాయిలకు, అబ్బాయిలకు కూడా రోజుకూలీలా కాకుండా గౌరవంగా డబ్బు ఇవ్వండి, వాళ్ల దెబ్బలు లేకుండా ఈ పతకాలు రావు. పదిహేనేళ్ల పిల్లలకు బరువు తగ్గించే పోటీ పెట్టకుండా, ఎదిగే ఒంటికి తగిన విభాగం చూసి చేర్చమని రాష్ట్ర సంఘాలకు ఒక సర్క్యులర్ పంపండి.

లాస్ ఏంజెలెస్ అర్హత పోటీలు మొదలయ్యాక నేనడిగే ఏడాదిపాటు గడువు ఇచ్చినా ఉపయోగం ఉండదు. ఫెడరేషన్‌తో మాట్లాడి ఈ సీజన్‌లోనే ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక బాక్సింగ్ కోచ్, నిజామాబాద్