స్కూల్ బౌండరీ మార్పుల మీద స్కూల్ బోర్డు మీటింగ్: మాట్లాడాలనుకునేవాళ్లు చదవండి

అందరికీ నమస్కారం. పోయిన మీటింగ్ తర్వాత చాలామంది కోపంగా ఉన్నారు. ఆ కోపం న్యాయమైనదే. మన పిల్లలు ఏ స్కూల్‌కి వెళ్లాలో తేల్చే మ్యాప్ మీద ముందు ఓటింగ్ కానిచ్చేసి, తల్లిదండ్రుల మాట ఆఖర్న వినడం ఏం పద్ధతి?

టెక్సస్ చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 2019 నుంచి ఉన్న నిబంధన ప్రకారం అజెండాలోని అంశం మీద బోర్డు చర్చకు ముందుగానీ, చర్చ జరిగేటప్పుడుగానీ జనాన్ని మాట్లాడనివ్వాలి. టైమ్ లిమిట్ పెట్టొచ్చు, బోర్డును విమర్శించొద్దని మాత్రం అనకూడదు. అప్పటికప్పుడు అనువాదం వినిపించే పరికరాలు అక్కడ లేకపోతే, తెలుగులో మాట్లాడి పక్కన ఒకరితో ఇంగ్లీషులో చెప్పించుకునేవాళ్లకు కనీసం రెట్టింపు టైమ్ ఇవ్వాలి. కాబట్టి అమ్మమ్మలు, తాతయ్యలు కూడా తప్పకుండా రండి. రోజూ పిల్లల్ని నడిపించుకెళ్లేది మీరే, ఆ పెద్ద రోడ్డు దాటడం ఎంత కష్టమో మీరు చెబితేనే వాళ్లకు తెలుస్తుంది.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు వెనకాడొద్దు. ఓటు లేకపోయినా మాట్లాడే హక్కు మీకుంది.

అజెండాలో లేని విషయం ఎత్తితే దాన్ని చర్చించడానికి బోర్డుకు వీల్లేదు, అందుకే మాట్లాడటానికి పేరిచ్చే ఫారంలో అజెండా ఐటమ్ నంబర్ తప్పక రాయండి. ట్రస్టీలు, అంటే బోర్డు సభ్యులు, జీతం లేకుండా పనిచేసేవాళ్లే, దయచేసి ఎవర్నీ వ్యక్తిగతంగా అనొద్దు. గట్టిగా అడగాల్సింది ఒక్కటే: ఈ మ్యాప్ ఏ లెక్కల మీద గీశారు?

మాట్లాడేవాళ్లు ఈ రాత్రికల్లా ఇక్కడ పేరు పెట్టండి. ఎవరు ఏ పాయింట్ చెప్పాలో పంచుకుందాం. రైడ్ కావాలంటే అడగండి.