ఉద్దానంలో పడకలు సరే, రక్తపరీక్ష మాటేమిటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న మా ఉద్దానం ప్రాంతం గురించి పేపర్లో వార్త వచ్చిందంటే డయాలసిస్ బెడ్లు ఎన్ని, పింఛను ఎంత, ఎవరి హయాంలో ఏం కట్టారు, ఇవే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీళ్లూ వచ్చాయి, కాదనను. కానీ మనిషి ఆ పడక దాకా పోకుండా చూసే పని ఎవరిది?

ఈ జబ్బుకి మొదట్లో నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. పైగా మా వైపు చాలామందికి షుగర్ లేదు, బీపీ కూడా మొదట్లో పెద్దగా ఉండదు. అలాంటప్పుడు క్యాంపులో బీపీ పట్టీ చుట్టి, వేలికి గుచ్చి షుగర్ చూసి "బాగానే ఉంది, వెళ్లమ్మా" అంటే ఆవిడ నిజమేననుకుని వెళ్లిపోతుంది. రక్తం తీసి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ చూడాల్సిందే, అదీ ఒక్కసారి కాదు. 0.7 ఉన్నది ఏడాదికి 1.1 అయితే రెండు రిపోర్టుల్లోనూ 'నార్మల్' అనే ఉంటుంది, పెరిగిందని తెలియాలంటే పాత కాగితం చేతిలో ఉండాలి కదా! ఆన్‌లైన్‌లో ఎక్కించామంటే తోటపని చేసుకునేవాడు ఎక్కడ చూసుకుంటాడు?

ఇంకోటి. క్యాంపు బండి వచ్చేది పొద్దెక్కాక. అప్పటికి మగవాళ్లు కొబ్బరి తోటల్లో, ఆడవాళ్లు జీడిపప్పు పనిలో. క్యూలో ఉండేది ముసలివాళ్లే. ఒంట్లో ఏ బాధా లేనివాడు కూలి పోగొట్టుకుని వస్తాడా? ఉదయం ఆరింటికి, పనికి పోకముందే రండి.

ఒళ్లునొప్పుల బిళ్లల సంగతి కూడా చూడండి. జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు, నీళ్లంటారు, పురుగుమందులంటారు, ఎండంటారు. ఏదైనా కానీ, దెబ్బతిన్న కిడ్నీకి డైక్లోఫెనాక్ లాంటివి చెరుపు చేస్తాయన్నది డాక్టర్లందరికీ తెలిసిందే, అయినా సాయంత్రమైతే ఆర్‌ఎంపీ దగ్గర ఆ ఇంజెక్షనే. (ఆయన్ని తిట్టి లాభం లేదు లెండి, రాత్రి ఎనిమిదింటికి తలుపు తీసేది ఆయనొక్కడే.) ఏవి ఇవ్వకూడదో ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాలి, కిరాణా కొట్టువాళ్లకీ చెప్పాలి.

పిల్లల టీకాలకి కార్డు ఉన్నట్టే ఇరవై దాటిన ప్రతి ఒక్కరికీ ఓ కిడ్నీ కార్డు ఇచ్చి, ఆరు నెలలకోసారి తేదీ, అంకె రాసి ఇంట్లోనే ఉంచమనండి. అంకె పెరిగితే పలాస పంపే బాధ్యత ఏఎన్‌ఎంకి, ఆశాకి అప్పగించి, దానికి తగ్గ డబ్బులూ ఇవ్వండి. ముందు కవిటి, సోంపేట మండలాల్లో మొదలుపెట్టినా చాలు.

- ఓ పాఠకుడు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా