పంపు కొనకుండా నన్ను ఆపిన మాస్టారికి

పేరు రాయవద్దని మీరు గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. కానీ రెండు సాయంత్రాలు ఫోనులో నా వెంటే ఉండి పని చేయించిన మనిషికి చాటుగా ఒక మాట చెప్పి ఊరుకోవడం నాకు సరిపోలేదు. అందుకే నలుగురి ముందూ చెబుతున్నాను. మాస్టారూ, మీకు రుణపడి ఉన్నాను.

పడవ వెనుక స్టెర్న్ డ్రైవ్ (ప్రొపెల్లరు ఉండే బయటి భాగం) కిందికి దిగుతోంది, పైకి మాత్రం లేవడం లేదు. దాన్ని ఆయిల్ ఒత్తిడితో ఎత్తి దించే ట్రిమ్ పంపు పోయిందని నేను అప్పటికే తీర్పు చెప్పేసుకున్నాను. కొత్తది తెప్పించబోతూ, ఎందుకైనా మంచిదని మీకు ఫోను చేశాను. పంపు గురించి నేను చెప్పుకుపోతుంటే ఓపికగా విని ఒకటే అడిగారు: "పైకి బటన్ నొక్కితే ఏమి వినిపిస్తోంది?"

వారం రోజులుగా నేను చూస్తున్నానే తప్ప, ఒక్కసారీ వినలేదు.

మీరు చెప్పినట్టే ముందు ఇంజిను గదిలోని గాలిని బయటికి తోసే బ్లోయరు కాసేపు నడిపాను. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, ఇంజిను గది అడుగున పేరుకుంటుంది. నిప్పురవ్వ లేచే అవకాశం ఉన్న పనికి దిగేముందు ఆ జాగ్రత్త నాకు నేనుగా తట్టేది కాదు. తర్వాత పంపు దగ్గర చెవి పెట్టి, బటన్ నొక్కమని మా అబ్బాయికి చెప్పాను. టక్. అంతే. మోటారు ఉలకలేదు, పలకలేదు.

ఆ ఒక్క చప్పుడు నుంచి మీరు ఎంత రాబట్టారో చూసి నాకు నోట మాట రాలేదు. ఏ చప్పుడూ లేకపోతే ఫ్యూజు, స్విచ్చు, తీగలు చూడాలి. మోటారు తిరుగుతున్నా డ్రైవ్ కదలకపోతే ఆయిల్ తగ్గిందా, గాలి చేరిందా, పంపు లోపలి వాల్వులు పట్టు వదిలాయా అని చూడాలి. టక్ మని ఆగిందంటే బటన్ పంపిన కబురు సోలనాయిడ్ దాకా, అంటే చిన్న కరెంటుతో కదిలి మోటారుకు పెద్ద కరెంటు కలిపే స్విచ్చు దాకా, చేరినట్టే. ఆ పైన మోటారుకు వెళ్ళవలసిన పెద్ద కరెంటు ఎక్కడో ఆగిపోయింది. కిందికి దించేటప్పుడు అదే మోటారు చక్కగా తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ మీదా, పంపు మీదున్న 110 ఆంపియర్ల ఫ్యూజు మీదా అనుమానం అక్కర్లేదు. "మరి డ్రైవ్ హద్దు దాటి లేవకుండా ఆపే లిమిట్ స్విచ్చు?" అని నేను తెలివి చూపించబోతే నవ్వారు. అది తెగితే సోలనాయిడ్ టక్ మనే ప్రశ్నే లేదు, పైగా పడవను ట్రెయిలర్ మీదికి ఎక్కించేటప్పుడు డ్రైవ్‌ను పూర్తిగా ఎత్తే ట్రెయిలర్ బటన్ దాన్ని దాటుకుని పోతుంది, అదీ నొక్కి చూశారా అన్నారు. నొక్కాను. అక్కడా అదే టక్.

తర్వాత వోల్టేజి కొలిచే మల్టీమీటరు. సోలనాయిడ్ మీదున్న రెండు లావు బోల్టుల మధ్య పెట్టమన్నారు. బటన్ నొక్కకముందు అక్కడ బ్యాటరీ వోల్టేజి కనిపిస్తుందనీ, నొక్కగానే దాదాపు సున్నాకు పడిపోవాలనీ చెప్పారు. నాకు 12.4 కనిపించింది. నొక్కాను. టక్. 12.4. మళ్ళీ నొక్కాను, అంకె చెక్కు చెదరలేదు. లోపలి రాగి బిళ్ళ కదులుతోంది కానీ రెండు బోల్టులనూ కలపడం లేదన్న మాట.

అప్పటికీ మీరు కొనమనలేదు. బ్యాటరీ తీగ విప్పి, పైకి ఎత్తేదీ, కిందికి దించేదీ, ఆ రెండు సోలనాయిడ్లనూ ఒకదాని స్థానంలో ఒకటి బిగించమన్నారు. బిగించాక డ్రైవ్ హాయిగా పైకి లేచింది, కిందికి దిగనని మొరాయించింది! జబ్బు సోలనాయిడ్‌తో పాటే చోటు మారింది. అంతకు మించిన సాక్ష్యం ఇంకేం కావాలి? పంపు ఖర్చుతో పోలిస్తే సోలనాయిడ్‌ది చిల్లర లెక్క. పాతదాన్ని విప్పి చూశాను. రాగి బిళ్ళ అంచు నల్లగా మాడి, చీమలు కొరికినట్టు గుంటలు పడి ఉంది.

ఆయిల్ విషయంలో పడిన చీవాట్లు కూడా రాయాలి, అవి నాకు దక్కవలసినవే. మీకు ఫోను చేయడానికి ముందు, ఎప్పుడో డ్రైవ్ పైకి ఎత్తి ఉన్నప్పుడే పంపు ఆయిల్ ట్యాంకు నిండుగా పోశాను. పైకి ఎత్తినప్పుడు ఆయిల్‌లో కొంత డ్రైవ్‌ను ఎత్తే సిలిండర్లలో ఉంటుంది, దించగానే అది ట్యాంకులోకి తిరిగి వస్తుంది. వచ్చింది, పొంగి పడవ అడుగంతా పారింది. ఆయిల్ మట్టం చూడాలన్నా, పోయాలన్నా డ్రైవ్ పూర్తిగా కింద ఉండాలని అప్పుడు తెలిసింది. తుడవడానికి పట్టిన సమయం సోలనాయిడ్ మార్చడానికి కూడా పట్టలేదు.

రెండో సాయంత్రం వేరే గొడవ. డ్రైవ్ లేస్తోంది కానీ తెల్లారేసరికి కొంచెం కుంగుతోంది. డ్రైవ్ కింద గట్టి ఆధారం పెట్టి, దాని బరువు మోసే, పైకి ఎత్తే వైపు ఆయిల్ గొట్టాన్ని పంపు దగ్గర విప్పి, గొట్టం చివర మూత బిగించమన్నారు. ఆ తర్వాత ఆధారం తీసి, మనిషి కిందికి పోకుండా దూరం నుంచి గమనించమన్నారు. అప్పుడూ దిగితే సిలిండర్ లోపలి సీలు కారుతున్నట్టు, నిలిస్తే పంపు వాల్వు సరిగా మూసుకోవడం లేనట్టు. రాత్రంతా నిలిచింది. వాల్వు విప్పితే మూసుకునే చోట కంటికి ఆనీ ఆనని నలుసు ఒకటి ఉంది. శుభ్రం చేసి, కొత్త ఆయిల్ పోసి, గాలి పోయేదాకా డ్రైవ్‌ను పైకీ కిందికీ ఆరేడు సార్లు పూర్తిగా తిప్పాను, ప్రతిసారీ కిందికి దించాకే మట్టం చూసుకుంటూ.

డ్రైవ్ పక్కన ఒక గీత గీసి పెట్టమన్నారు కదా, పది రోజులుగా ఆ గీత దాటి వెంట్రుకవాసి కూడా దిగలేదు. మాడిన రాగి బిళ్ళ నా బల్ల మీదే ఉంది. ఈసారి కలిసినప్పుడు తెచ్చి మీకు చూపిస్తాను, మాస్టారూ.