టెర్మినల్ మూసేస్తే ఏమవుతుందో పిల్లలకు చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ విద్యా పేజీలో ఏఐ కోర్సుల గురించి, క్లౌడ్ ఉద్యోగాల గురించి వచ్చేవన్నీ వదలకుండా చదువుతాను, ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయితో కూడా చదివిస్తాను. వాటిలో నాకు ఎప్పుడూ కనిపించని ఒక విషయం గురించే ఈ ఉత్తరం. సర్వర్‌లో ఒక ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టడం, అది బతికి ఉందో లేదో కనిపెట్టుకుని ఉండటం, ఆపాల్సి వస్తే పద్ధతిగా ఆపడం. పదహారేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే, దీని విలువ తెలియక జరిగే నష్టం కళ్లారా చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

గత వేసవిలో ఒక పాల డెయిరీ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ పదిహేను రోజులకోసారి రైతులకు బిల్లు కడతారు, పూటపూటకీ పోసిన పాలు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాలు) చూసి ఒక ప్రోగ్రామ్ మూడు నాలుగు గంటల పాటు లెక్క వేస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు సాయంత్రం సర్వర్‌లోకి లాగిన్ అయి దాన్ని మొదలుపెట్టాడు, తెర మీద రైతుల కోడ్ నంబర్లు వరసగా కదులుతున్నాయి, అంతా బాగానే ఉంది కదా అని ఆఖరి బస్సు వేళకి టెర్మినల్ విండో, అంటే సర్వర్‌కు కమాండ్లు టైపు చేసే తెర, మూసేసి ఇంటికెళ్లిపోయాడు. విండోతో పాటే ప్రోగ్రామ్ కూడా పోయింది. పొద్దున్నే వచ్చి కంగారుగా మళ్లీ మొదలుపెడితే అది నెమ్మదిగా నడుస్తోందని పక్కనున్నవాళ్లు ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపే కిల్ -9 కమాండ్ కొట్టమన్నారు, కొట్టాడు. నేను వెళ్లి చూసేసరికి సగం మంది బిల్లులు ఉన్నాయి, సగం మందివి లేవు, ఒక రైతు వరుస అయితే పేరు, లీటర్లు వరకు ఉండి డబ్బుల దగ్గర తెగిపోయి ఉంది. ఆ కుర్రాడి చేతులు వణుకుతున్నాయి. రైతులకు డబ్బు రెండు రోజులు ఆలస్యమైంది, దాణా కొట్లో బాకీ పెట్టుకున్నవాడికి రెండు రోజులంటే తక్కువేమీ కాదు.

ఇందులో ఆ అబ్బాయి తప్పు నాకైతే కనిపించలేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే, ప్రోగ్రామ్‌లకు వంతులవారీగా సమయం పంచే రౌండ్ రాబిన్ లెక్క ఇస్తే ఇప్పుడు కూడా కూర్చుని చేసేస్తాడు. టెర్మినల్ మూసేస్తే లోపల నడుస్తున్నదానికి ఏమవుతుందో మాత్రం నాలుగేళ్లలో అతనికి ఒక్కరూ చెప్పలేదు.

చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఇప్పటి లినక్స్ నమూనాగా తీసుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ పుట్టింది 1969లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. ఆ తర్వాతి రోజుల్లో దూరం నుంచి కంప్యూటర్ వాడేవాళ్లు టెలిఫోన్ లైన్ మీద వాడేవాళ్లు, లైన్ తెగిపోతే అవతల మనిషి లేడని లెక్క, అందుకని అతని ప్రోగ్రామ్‌లకు 'ఫోన్ పెట్టేశారు' అని ఒక సిగ్నల్ వెళ్లేది. అదే హ్యాంగప్, ఒకటో నంబరు సిగ్నల్. ఫోన్ లైన్లు పోయాయి, సిగ్నల్ అలాగే ఉంది, ఈ రోజు మనం విండో మూసినా వెళ్లేది అదే. దాన్ని పట్టించుకోకు అని ముందే చెప్పడానికి నోహప్ అనే కమాండ్ ఉంది, టీమక్స్ అనే ప్రోగ్రామ్‌లో నడిపితే రాత్రి వదిలేసి పొద్దున్నే మళ్లీ అదే తెర ముందు కూర్చోవచ్చు.

కిల్ సంగతి అంతకన్నా ముఖ్యం. ఉత్త కిల్ అని కొడితే వెళ్లేది 15వ నంబరు సిగ్నల్, అంటే 'పని సర్దుకుని ఆగు' అని కబురు. ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఆ కబురు అందుకునే ఏర్పాటు చేసి ఉంటే చేతిలో ఉన్నది పూర్తి చేసి ఆగుతుంది. 9 అలా కాదు, దాన్ని అందుకోవడం గానీ ఆపడం గానీ ఏ ప్రోగ్రామ్‌కూ కుదరదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ నేరుగా తీసేస్తుంది. ఆ డెయిరీ ప్రోగ్రామ్‌లో 15కి ఏర్పాటు ఉంది! ఒక్క నిమిషం ఓపిక పట్టి ఉత్త కిల్ కొట్టి ఉంటే ఆ రైతు వరుస ముగించి, ఎక్కడ ఆగిందో రాసుకుని ఆగేది. ముందుగా 9 కొట్టే అలవాటు మన ఆఫీసుల్లో ఎలా పాకిందో గానీ, అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. జాంబీ ప్రాసెస్ (నడిచే ప్రోగ్రామ్‌ను ప్రాసెస్ అంటాం) మీద కూడా 9 కొడుతూ కూర్చునేవాళ్లను చూశాను. అది అప్పటికే చనిపోయింది, దాన్ని పుట్టించిన ప్రాసెస్ వచ్చి దాని లెక్క తీసుకెళ్లే వరకు పేరు మాత్రం పట్టీలో ఉంటుంది, చూడాల్సింది ఆ తల్లి ప్రాసెస్‌ను.

ఇక రోజుల తరబడి నడవాల్సినవాటికి నోహప్ చాలదు, సర్వర్ రీబూట్ అయితే దాన్ని మళ్లీ లేపేవాళ్లు ఉండరు. ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ 2010లో వచ్చింది, ఇప్పుడు దాదాపు ప్రతి లినక్స్ సర్వర్‌లోనూ ఉంది, పది లైన్ల ఫైలు రాస్తే కాపలా అదే కాస్తుంది. ఇక్కడొక చిక్కు ఉంది, దీని దగ్గర చాలామంది దెబ్బతింటారు. పడిపోతే లేపు అని మనం రాయకపోతే అది లేపదు. రాసినా, పడిన ప్రతిసారీ సెకనులో పదో వంతు ఆగి లేపేస్తుంది, 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టి చూసి ఇక వదిలేస్తుంది. డేటాబేస్ ఇంకా లేవకముందే మన ప్రోగ్రామ్ లేచి పడుతుంటే ఆ ఐదు అవకాశాలూ ఒక్క సెకనులోనే అయిపోతాయి. మధ్యలో ఐదు సెకన్లు ఆగమని ఒక లైన్ రాస్తే సరిపోయేదానికి రాత్రి రెండింటికి లేచి కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. ఏం జరిగిందో రాసిన చిట్టా చూపించే జర్నల్‌సీటీఎల్ తెరిస్తే కారణం అక్కడే రాసి ఉంటుంది, తెరవాలని తెలియాలి అంతే.

అందుకే నా విన్నపం. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల్లో ఒక్క ల్యాబ్ పీరియడ్ దీనికి ఇవ్వమని మీ పేజీలో గట్టిగా రాయండి. చెప్పినంతసేపు ఊరికే ఆగి ఉండే స్లీప్ కమాండ్‌ను వెనకాల నడిపించి, నడుస్తున్నవాటి పట్టీ చూపించే పీఎస్‌తో దాని నంబరు పట్టుకుని, ఒకసారి 15తో, ఒకసారి 9తో ఆపి, విండో మూసి మళ్లీ తెరిచి ఏం మిగిలిందో చూడమంటే చాలు, పాత కంప్యూటర్ మీద కూడా అయిపోతుంది. తెలుగులో వారానికి ఒక చిన్న శీర్షిక మీరు మొదలుపెడితే రాసివ్వడానికి నేను సిద్ధం, ఆ డెయిరీ కుర్రాడు కూడా తను నేర్చుకున్నది రాస్తానన్నాడు.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, తెనాలి